బుల్లెట్ పోయి మీటియర్ వచ్చె

మన పూర్వ భాగ్‌ల ఏ గల్లీల నిలబడ్డా, పొద్దుగూకంగ ఒక సప్పుడు వినొస్తది. డగ్ డగ్ డగ్ అని. ఇంతకుముందు ఈ గల్లీలల్ల సాంచెల సప్పుడు తప్ప వేరేది వినొచ్చేది కాదు. ఇప్పుడు సాంచెలు తక్కువైనయ్, ఈ బండ్లు ఎక్కువైనయ్. చూస్తే పాతకాలం బండి తీరే ఉంటది. గుండ్రటి దీపం, గుండ్రటి మీటరు, నీటిబొట్టు ఆకారంల పెట్రోలు టాంకీ. "ఈ పొరగాండ్లు పాత మోడల్ బండికి ఎందుకింత పడి సస్తున్నరు" అని మన సంఘంల పెద్దమనుషులు అడుగుతుంటరు. నాకు తెలిసినకాడికి రాస్త. నేను చదివింది నాలుగో తరగతే గాని, మిషన్ల నడుమ నలభై ఏండ్లు నిలబడ్డ.

మా వయసులో బుల్లెట్ అంటే ఫౌజ్‌దారుది, లేదంటే డాక్టరుది, అదీ కాకుంటే చెరుకు తోటలున్న పాటిలుది. గిరిణి మనిషికి సైకిలే. భోంగా ఆగేలోపు గేటు దాటాలె, లేకుంటే ఆ దినం బదిలీవానికి పోతది. మనం ఆయాసపడుకుంట తొక్కుతుంటే పక్క నుంచి బుల్లెట్ పోయేది. దాని మీద కూసున్నాయన ఎన్నడూ తొందరపడినట్టు కనిపించకపోయేది. నాకు బండి కన్నా ఆ కూసున్న తీరే మనసుల పడ్డది.

ఆ బండి పుట్టింది ఇంగ్లాండుల. బుల్లెట్ అనే పేరు 1932 నుంచి ఉన్నది. 1950ల మన సైన్యానికి సరిహద్దుల తిరగడానికి గట్టి బండి కావాల్సొచ్చి అక్కడి నుంచి తెప్పించిన్రు. తర్వాత 1955ల మద్రాసుల కంపెనీ పెట్టి ఇక్కడనే చేసుడు మొదలుపెట్టిన్రు. అక్కడ ఇంగ్లాండుల అసలు కంపెనీ మూతపడ్డది, ఇక్కడ మద్రాసుల మాత్రం ఆగలేదు. మూతపడ్డ గిరిణి గోడల నడుమ పెరిగినోళ్లం కదా, ఈ మాట నాకు బాగ గుర్తుంటది.

ఇగ ఇప్పుడు చాలామంది "పాతదే అసలు బండి" అంటరు. వాళ్లు దాన్ని ఎన్నడూ కిక్కు కొట్టలేదన్నట్టు. మా డిపార్టుమెంటు జాబర్ చివరికి ఒక పాతది కొన్నడు, సెకండ్ హ్యాండుల. దాన్ని చాలు చేసుడు ఒక పూజ. ముందు అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాక కిక్కు మెల్లగ తొక్కాలె, చిన్న లివరు పట్టి లోపలి గాలి వదలాలె, అప్పుడు ఒక్క దెబ్బ. లెక్క తప్పితే కిక్కు ఎదురు తన్నేది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. వేరే బండి నడిపి దీని మీద కూసుంటే కాలు ఆగమయ్యేది. నిలబెట్టిన కాడ కింద ఆయిలు బొట్లు. జాబర్ ఇంటి ముందర ఎప్పుడూ ఒక అట్టముక్క పరిచి ఉండేది.

2020ల వచ్చిన మీటియర్ 350 చూడండి. ఆ పేరు కూడ కొత్తది కాదు, 1950ల ఇంగ్లాండుల ఇదే కంపెనీ బండికి పెట్టిందే. లోపల మాత్రం అంతా మారింది. బటన్ నొక్కితే చాలు అయితది. గేర్లు 5, అవి ఎడమకాలికే. రెండు చక్రాలకు డిస్కు బ్రేకులు, గట్టిగ పట్టినా చక్రం బిగుసుకపోకుండ ఏబీఎస్. వణుకు తగ్గడానికి ఇంజను లోపల తూకం వేసే ఒక షాఫ్టు తిరుగుతది. పాత బుల్లెట్ మీద గంట కూసుంటే చేతులు తిమ్మిరెక్కేవి, దీని మీద ఆ బాధ లేదు.

మరి సప్పుడు ఎట్ల మిగిలింది? పాత ఇంజనుల పిస్టన్ 70 మిల్లీమీటర్ల వెడల్పు, 90 మిల్లీమీటర్లు కిందికీ మీదికీ పోయేది. కొత్తదాంట్ల 72, 85.8. అంటే ఇప్పుడు కూడ వెడల్పు తక్కువ, నడక పొడుగు. పొడుగు నడక గల మిషన్ ఎక్కువ వేగంగ తిరగదు, తిరిగినప్పుడు మాత్రం ఒక్కొక్క దెబ్బ విడిగ వినొస్తది. శక్తి సుత పెద్దగ పెరగలేదు, 20 హార్స్ పవర్. పెంచలేక కాదు, పెంచితే ఆ తాళం పోతది. ఇది నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. సాంచె మీద కూడ అంతే. వేగం పెంచినకొద్దీ దెబ్బ గుర్తు పట్టరాదు, అంతా ఒకటే రొద.

సోలాపూర్ చద్దరు సంగతీ ఇసొంటిదే. నెమలి, పువ్వు, అంచు మన తాతల కాలంవి. వాటిని ఇప్పుడు కొత్త మిషన్ మీద నేస్తున్నరు. డిజైను పాతది, పోగు గట్టిగుంటే అది మోసం కాదు. డిజైను మాత్రం పాతదిచ్చి పడుగుల పోగులు తగ్గించేటోళ్లు ఉన్నరు, అది మోసం. బండికైనా నేను అట్లనే చూస్త.

మా చిన్నోడు యూనిఫారాలు కుట్టే కార్ఖానాల కటింగ్ చేస్తడు. "బాపు, మీటియర్ తీసుకుంట" అన్నప్పుడు మా ఇంటామె మూడు దినాలు మాట్లాడలేదు. రెండు లక్షలు దాటే బండి, కురుస్తున్న పైకప్పు. ఆమె అన్నదాంట్ల తప్పేమీ లేదు. స్ప్లెండర్ తీసుకుంటే సగం ధర, లీటరుకు 60 ఇస్తది, ఇది 35 ఇచ్చినా గొప్పే. లెక్కల మీద పోతే ఈ బండి నిలబడదు.

నేను వానితో ఒకటే చెప్పిన. "ముందు పైకప్పు రేకులు మార్చు. తర్వాత సగం పైసలు చేతుల పెట్టుకొని రా." వానికి ఏడాదిన్నర పట్టింది. ఆదివారాలు సుత కటింగ్ చేసిండు. ఇప్పుడు నెలకు నాలుగువేల ఐదువందలు కడుతున్నడు, ఇంకా పదహారు నెలలున్నయ్. కార్ఖానాల పని తగ్గితే ఏం చేస్తవ్ అంటే, "అమ్ముత" అంటడు. అమ్ముతడో లేదో చూడాలె.

మొన్న దసరా తర్వాత నన్ను వెనుక కూసోబెట్టుకొని తుల్జాపూర్ తీస్కపోయిండు. కోజాగిరి పున్నమికి మనమంతా నడిచే తొవ్వే అది. మోకాళ్లు పోయినంక నేను నడుచుడు బంద్ చేసిన. రోడ్డు మీద లారీలు, కార్లు మమ్ముల దాటుకుంట పోయినయ్, వాడు ఒక్కదాని వెంట సుత పోలేదు. అరవై మీద పోనిచ్చిండు. గిరిణిల ఉన్నన్నాళ్లు భోంగా తొందర, తర్వాత సాంచె మీద మీటరుకింత అని కూలి, ఎంత తొందరగ నేస్తే అంత పైస. తొందరగ పోనవసరం లేని మిషన్ మీద నేను కూసున్నది అదే మొదటిసారి. తొవ్వ పొడుగూత జొన్న చేన్లు, మబ్బు. ఎవరన్న చూస్తరేమోనని నేనూ కొంచెం నిటారుగ కూసున్న, అబద్ధం ఎందుకు.

కొందరు పొరలు సైలెన్సర్ మార్చి గల్లీల ఫట్ ఫట్ చేస్తున్నరు. పసిపిల్లలున్న ఇండ్లున్నయ్, రాత్రి పాళీ చేసొచ్చి పండుకునేటోళ్లున్నరు. కంపెనీ కష్టపడి పెట్టిన తాళాన్ని పైసలిచ్చి చెడగొట్టుకునుడు నాకు అర్థం కాదు.

కొనేటోళ్లకు ఇంకొక మాట. ఈ బండి బరువు 191 కిలోలు. మన గల్లీలు ఇరుకు, మలుపుల బండి తిప్పరాదు. మా ఇంటికాడ వాడు రోజూ రాత్రి గల్లీ మొగలనే దిగి, ఇంజను బంద్ చేసి వెనక్కి నెట్టుకుంట తెస్తడు. గడప ఎక్కించేటప్పుడు ఒక చేయి నాది, ఒక చేయి వాళ్లమ్మది. షోరూముకు పోయే ముందు టేపు తీసుకొని ఇంటి దర్వాజ కొలుచుకోండి.