ముదిరిన చిగురు

మామిడికొమ్మ చివర లేతగా మెరిసేదీ చిగురే. పంటి మొదట్లో అణిగి ఉండేదీ చిగురే. రెంటికీ ఒకటే మాట పెట్టిన తెలుగువాడు రసికుడే. కాని చెట్టు చిగురిస్తే వసంతం, పన్ను చిగురిస్తే వైద్యుడు అని చెప్పడం మాత్రం మరిచాడు. ఆ సంగతి నాకు నలభై అయిదో ఏట తెలిసింది.

"చిగుళ్లు కోయించుకున్నాడట!" అని కంకిపాడులో మా వీధంతా గుప్పుమంది. సాయంత్రానికల్లా ఎదురింటి బాబాయిగారు పరామర్శకు వచ్చారు. "ఏమోయ్, ఈ వయసులో అందానికా?" అన్నారు. నోట్లో మందు ముద్ద ఉండడంవల్ల ఆనాడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

నాకు రక్తపోటు ఉంది. నాలుగేళ్లుగా రోజుకో ఆమ్లోడిపిన్ బిళ్ల వేసుకునేవాణ్ణి. రెండేళ్ల కిందట ముందు పళ్ల సందుల్లో చిగుళ్లు బుడిపెల్లా లేచాయి. నొప్పి లేదు, అంచేత పట్టించుకోలేదు. క్రమంగా అవి పళ్లమీదికి పాకి, చివరకు పళ్లు సగమే కనబడసాగాయి. తోముకుంటే రక్తం. మా అమ్మ ఉప్పునీళ్లు పుక్కిలించమంది. మా ఆవిడ బ్రష్షు మార్చింది. నేను నవ్వడం మానేశాను.

ఈ చివరిది నాకే తెలియకుండా జరిగింది. తెలుగు పాఠం చెప్పేవాడికి నోరే పనిముట్టు. చాపలోని చ వేరు, చిలుకలోని చ వేరు అని నోరు తెరిచి చూపించవలసినవాణ్ణి, బోర్డువైపు తిరిగి చెప్పడం అలవాటు చేసుకున్నాను. హాస్యఘట్టం వస్తే నోటికి రుమాలు అడ్డం. ఒకనాటి రాత్రి మా అమ్మాయి మా కాలేజీ ఫొటోలు చూస్తూ, "నాన్నా, ఒక్కదాన్లోనూ నవ్వలేదేం? ఎవరిమీదైనా కోపమా?" అంది. ఆ మాట గుచ్చుకుంది.

అప్పుడు చేశాను అసలైన తెలివితక్కువ పని. ఇదంతా బిళ్ల మహిమేనని ఎక్కడో చదివి, ఎవరికీ చెప్పకుండా బిళ్ల మానేశాను. పదో రోజున క్లాసులో కళ్లు తిరిగాయి. డాక్టరుగారు చూస్తే రక్తపోటు 180 మీద 110. "చిగురు పెరిగితే కోయవచ్చు మాస్టారూ, మెదడులో నరం చిట్లితే ఏం కోస్తాం?" అని చీవాట్లు పెట్టి, మరో జాతి మందు రాసి, దంతవైద్యుడి దగ్గరికి పొమ్మన్నారు.

మాకు బెజవాడ ఎంతో దూరం కాదు. చినఅవుటపల్లిలో దంతవైద్య కళాశాలే ఉంది. అడ్డం వచ్చింది దూరం కాదు, బద్ధకం.

దంతవైద్యుడు ఓపికగా చెప్పాడు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వల్ల చిగుళ్లు పెరుగుతాయని 1939లోనే గుర్తించారట. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారికిచ్చే సైక్లోస్పోరిన్‌కూ ఆ గుణం ఉంది. మందు వాడే అందరికీ రాదు. వచ్చినవారికి పళ్లమీద పాచి పేరుకుంటే మరీ ముదురుతుంది. పంటికీ చిగురుకూ మధ్య లోతు మామూలుగా 3 మిల్లీమీటర్లు మించదు. నాకు కొన్నిచోట్ల 6 ఉంది. అంత లోతుకు బ్రష్షు పోదు. పాచి అక్కడ కాపురం పెడుతుంది. క్రమేణా ఎముక కరిగితే గట్టి పన్నయినా కదులుతుంది. నా అదృష్టంకొద్దీ ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది.

వెంటనే కత్తి పట్టలేదాయన. ముందు పాచి గీకించి, మందు మారిన తర్వాత మూడు నెలలు ఆగమన్నాడు. సగం వాపు దానంతటదే తగ్గింది. మిగిలినదాన్ని తిమ్మిరి సూది వేసి కోసి, అంచులు పలచగా ఏటవాలుగా చెక్కాడు. గంట పట్టింది. పైన మందు ముద్ద అద్ది వారం ఉంచమన్నాడు. పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ తప్ప మరేదీ వద్దన్నాడు. కృష్ణాతీరంవాడికి వారంరోజులు ఆవకాయ లేకపోవడమే అసలు శస్త్రచికిత్స!

చిగుళ్లు దిద్దించుకొనే వారందరిదీ నా కథే కాదు. విరిగిన పంటికి తొడుగు వేయడానికి చోటు చాలక కొందరు, నవ్వితే పళ్లకన్న చిగుళ్లే ముందు కనబడుతున్నాయని కొందరు చేయించుకుంటారు. వారిని చూసి మునుపు నేనూ నవ్వేవాణ్ణే. ఇప్పుడు నవ్వను. ఫొటోలో నవ్వడానికి భయపడడం ఎటువంటిదో తెలిసింది.

మొన్న ఇదంతా చెప్పి, "అందానికి కూడానండి బాబాయిగారూ," అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత జేబులోంచి బిళ్లల అట్ట తీసి, "నాకూ తోముకుంటే రక్తం వస్తోందోయ్. ఇది ఏ మందో చదివి చెప్పు," అన్నారు.

చదివాను. అదే మందు. "రేపు మన డాక్టరుగారి దగ్గరికి వెళదాం. ఈ రాత్రి బిళ్ల మాత్రం మానకండి," అన్నాను.