కొట్టినవానిని అడిగిన ప్రశ్న

మన కళాశాల వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందిగా సంపాదకవర్గంవారు కోరినప్పుడు, తెలుగు బోధించేవాడిని గనుక పోతన భాగవతంపై నాలుగు మాటలు వ్రాసి బాధ్యత తీర్చుకుందామనుకున్నాను. ఆ వారంలోనే తరగతిలో ఒక విద్యార్థి వేసిన ప్రశ్న నా సంకల్పాన్ని మార్చివేసింది. "సార్, మీరు క్రైస్తవులు కదా. ఒక చెంపమీద కొట్టినవానికి రెండవ చెంప చూపితే వానికి ధైర్యం పెరగదా?" అని అతడు అడిగాడు. అందులో ఎగతాళి లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. అంతలో గంట మ్రోగడంతో నేను తప్పించుకున్నాను. కాని ప్రశ్న నన్ను విడువలేదు. ఎందుకంటే సరిగ్గా అదే ప్రశ్నను పన్నెండేళ్ళ వయస్సులో నేను మా నాయనను అడిగి ఉన్నాను.

మాది కంబదూరు. కర్ణాటక సరిహద్దుకు చేరువలో, నాటి కళ్యాణదుర్గం తాలూకాలోని గ్రామం. ఊరిలో ప్రాచీనమైన శిలాదేవాలయం ఉంది. దానిని చూడవచ్చేవారికి మా ఊరి శిల్పసంపద తెలుసునుగాని మా ఊరి దాహం తెలియదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల ఆవలనే కురిసిపోతాయి. తూర్పు సముద్రంమీది తేమ ఇంతదూరం వచ్చేసరికి అడుగంటుతుంది. జిల్లాకు ఏడాది మొత్తంమీద దక్కేది సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదైనా అదనుకు రాదు. ఎర్రనేలలో వేరుశనగ విత్తి ఆకాశంవైపు చూస్తూ కూర్చోవడమే మావారి వ్యవసాయం. మా కుటుంబానికి ఆపాటి నేలకూడా లేదు. నాయన కూలికి పోయేవాడు. ఆదివారాలు మా పేటలోని పూరిపాక దేవాలయంలో బైబిలు చదివి వినిపించేవాడు. ఆయనకు ఉపదేశి అనే బిరుదేమీ లేదు. పేటలో ఐదవ తరగతివరకు చదివినవాడు ఆయన ఒక్కడే కావడంచేత ఆ పని ఆయనమీద పడింది.

1980 వేసవిలో మేము నీళ్ళు తెచ్చుకొనే వంకలోని చెలమలు ఎండిపోయాయి. ఊరికి తూర్పున ఒక భూస్వామికి పెద్దబావి ఉండేది. ఎండకాలంలో ఊరంతా అక్కడే తోడుకొనేవారు. మావారు మాత్రం గట్టుకు దూరంగా నిలబడి, ఎవరైనా దయతలచి కడవలో పోస్తే తెచ్చుకోవాలి. ఒకనాడు మా చెల్లెలికి జ్వరం. అమ్మ ప్రొద్దుటినుండి ఎండలో నిలిచి ఉత్త కడవతో తిరిగివచ్చింది. నాయన ఇత్తడి బిందె తీసుకొని వెళ్ళి, గట్టెక్కి, తానే చేదవేసి తోడాడు. బావి యజమాని చెర్నాకోలతో కొట్టాడు. బిందె జారి బావిలో పడిపోయింది. నాయన రెండుచేతులూ మొగానికి అడ్డం పెట్టుకున్నాడే తప్ప చేయెత్తలేదు. నేను చింతచెట్టు చాటునుండి అంతా చూశాను. ఆ బిందె అమ్మకు పుట్టింటివారు పెట్టినది. మా ఇంటిలో ఇత్తడి వస్తువు అదొక్కటే.

రాత్రి అమ్మ ఆయన వీపుకు పసుపూ నూనే పూస్తూ ఏడుస్తున్నది. "రెండో చెంప చూపిస్తివి. రేపు వాడు ఇంకా కొట్టడా నాయనా?" అని అడిగాను. ఆయన బదులు పలుకక బుడ్డిదీపం దగ్గరకు జరిగి యోహాను సువార్త తెరిచాడు. ప్రధాన యాజకుని ముందు యేసు నిలబడి ఉన్న ఘట్టం అది. పరిచారకుడొకడు ఆయనను చెంపమీద కొడతాడు. చెంప త్రిప్పమని కొండమీద బోధించిన ఆయన ఇక్కడ ఏమిచేశాడు? రెండవ చెంప త్రిప్పినట్లు ఆ సువార్తలో లేదు. తాను పలికినదానిలో చెడుగు ఉంటే చూపమనీ, లేకుంటే ఎందుకు కొట్టినావనీ అడిగాడు. తిరిగి కొట్టలేదు, మౌనంగానూ ఉండలేదు. ఆ వాక్యాలను నాయన అంతకుముందు ఎన్నిసార్లు చదివాడో! ఆ రాత్రి మాత్రం మొదటిసారి చూసినవానివలె వేలుపెట్టి రెండుమూడు పర్యాయాలు చదువుకున్నాడు.

మరునాడు ఉతికిన పంచె కట్టుకొని రచ్చకట్ట దగ్గరకు వెళ్ళాడు. ఊరిపెద్దలు అక్కడే ఉన్నారు, కొట్టినవాడూ ఉన్నాడు. నాయన క్రిందనే నిలబడి, గొంతు వణుకుతుండగా, "నేను చేసిన తప్పేందో పెద్దమనుషుల ముందర చెప్పు సామీ. తప్పు లేకపోతే ఎందుకు కొడితివో అదన్నా చెప్పు" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. కొంతసేపటికి ఒక పెద్దాయన "సరేలేరా, పో" అన్నాడు. బావి యజమాని కండువా దులుపుకొని లేచిపోయాడు. అంతే. పంచాయితీ జరుగలేదు, తీర్పు లేదు, బిందె తిరిగి రాలేదు. ఆ తరువాత రెండు నెలలు నాయనను ఎవరూ కూలికి పిలువలేదు. ఆరుమైళ్ళ అవతల రోడ్డు వేస్తున్నచోట కంకర కొట్టడానికి నడిచిపోయేవాడు. ఆ ఒక్క ప్రశ్నకు మేము చెల్లించిన మూల్యం అది.

విద్యార్థులారా, పేదవాని మౌనానికి క్షమ అని పేరు పెట్టడం ఎంతో సులభం. తరతరాలుగా మావారు దెబ్బలు తిని మౌనంగానే ఉన్నారు. అది విశ్వాసంవలన వచ్చిన ఓర్పు కాదు, భయం. క్రైస్తవులమై ఆ మౌనాన్నే మరల పుణ్యమని నేర్చుకొనేటట్లయితే సువార్త మాకు క్రొత్తగా చెప్పినదేమిటి? చేసినది అన్యాయమని వానిముఖం ఎదుట చెప్పగలిగిన తరువాతనే క్షమించడమనే మాటకు అర్థం ఉంటుందని నాకు తోస్తుంది. తప్పు ఉందని ఒప్పుకోనిచోట క్షమించవలసినది మాత్రం ఏముంది?

రెండేళ్ళకు ప్రభుత్వంవారు మా పేటలో చేతిపంపు వేయించారు. మేము దానిని బోరింగు అనేవాళ్ళం. ఆ మరుసటి ఎండకాలం పెద్దబావిలో అడుగు కనబడింది. మొదట ఆ ఇంటి పనివారు, తరువాత ఆ ఇంటి ఆడవారే బిందెలతో మా బోరింగుకు వచ్చారు. తరిమివేయాలని మా యువకులు పట్టుబట్టారు. నేనూ వారితోనే ఉన్నాను. నాయన వచ్చి, "నిలబడనీండ్రా. వరుసలో నిలబడనీ. ముందరా వద్దు, ఎనకా వద్దు" అన్నాడు. ముందు వద్దన్నది నాకు నచ్చింది. వెనుక వద్దన్నది చాలాకాలం మింగుడుపడలేదు.

ఇక అమ్మ సంగతి. ఆ ఆడవారు నిలబడి ఉన్నంతసేపూ ఆమె పంపు దగ్గరకు వచ్చేది కాదు. మరణించేవరకు ఆ మనిషి పేరు ఉచ్చరించలేదు. ప్రార్థనలో "మా ఋణస్థులను" అన్నచోట ఆమె గొంతు ఆగిపోయేదని పక్కన కూర్చున్న నాకు తెలుసు. నాయన ఆమెకు ఎన్నడూ ప్రసంగం చేయలేదు. ఒకరు మరొకరిమీద విధించగల పని కాదు అది.

పోతన ప్రథమస్కంధంలోని అశ్వత్థామ గర్వభంగ ఘట్టాన్ని పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఆ రచ్చకట్ట కనబడుతుంది. నిద్రించే ఉపపాండవులను వధించిన గురుపుత్రుని అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెడతాడు. ఆమె కరుణను అందరూ కొనియాడుతారు. అయితే ఆమె ముందుగా చేసినదేమిటి? ఆయుధం పట్టనివారిని, నీకు ఏ కీడూ చేయనివారిని, రాత్రివేళ నిద్రలో ఉన్న పసివారిని చంపడానికి చేతులు ఎట్లా వచ్చినవని నిలదీసింది. ఆ తరువాతనే, తనవలెనే కృపి కూడా బిడ్డకోసం ఏడువరాదని విడిచిపెట్టమన్నది. భీముడు ఒప్పుకోలేదు. చివరకు తల గొరిగి, శిరోమణి ఊడదీసి పంపివేశారు. క్షమ ఉన్నది, శిక్షా ఉన్నది. ఈ విషయం ఉపాధ్యాయుల గదిలో ప్రస్తావించినప్పుడు ఉర్దూ శాఖలోని మిత్రుడొకరు, 630లో మక్కా ప్రవేశించిన ప్రవక్త తనను వెళ్ళగొట్టిన ఖురైషులతో, యూసుఫ్ తన అన్నలతో పలికిన మాటనే పలికి విడిచిపెట్టారని చెప్పారు. ఆ యూసుఫే మా యోసేపు. అన్నలను కౌగిలించుకొనేముందు అతడు కూడా గోనెలో గిన్నె పెట్టించి వారి మనస్సును పరీక్షించినవాడే కదా అని ఇద్దరం నవ్వుకున్నాము.

మా జిల్లాలో ఈ ప్రసక్తి వస్తే విన్సెంట్ ఫెర్రర్ పేరు రాకమానదు. 1920లో స్పెయిన్‌లో పుట్టి, 1952లో జెసూట్ సభ సభ్యునిగా భారతదేశానికి వచ్చిన ఆయన, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతులచేత బావులు త్రవ్వించే పనికి పూనుకున్నాడు. అది కొందరు పెద్దలకు కంటగింపై, 1968లో ఆయన దేశం విడిచి వెళ్ళవలసిందిగా ఉత్తర్వు వచ్చింది. ఆయన తరఫున ప్రశ్న అడిగినవారు రైతులు. వేలాదిమంది కాలినడకన బొంబాయికి బయలుదేరారు. ఇందిరాగాంధీ కలుగజేసుకొనడంతో తిరిగిరావడానికి అనుమతి లభించింది. 1969లో వచ్చి ఆయన చేరినది అనంతపురం. మరుసటి ఏడు జెసూట్ సభను విడిచిపెట్టాడు. భార్య ఆన్ ఫెర్రర్‌తో కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నడిపాడు. మన్మాడ్‌లో ఏ పనికి వెళ్ళగొట్టబడ్డాడో ఇక్కడ మరల అదే పని: బావులు, చెక్‌డ్యాములు, ఇళ్ళు, బడులు, ఆసుపత్రులు. మా కళ్యాణదుర్గంలో కూడా ఆ సంస్థ ఆసుపత్రి ఉంది. 2009 జూన్ 19న అనంతపురంలో మరణించి బత్తలపల్లిలో సమాధి అయ్యాడు. గాయపడినవాడు గాయాన్ని తలచుకుంటూ కూర్చుంటే నలభై ఏళ్ళు చాలవు. ఆయన ఆ నలభై ఏళ్ళనూ మా నీళ్ళకోసం ఖర్చుపెట్టాడు.

ఒరిస్సాలో 1999 జనవరిలో గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ళ ఫిలిప్‌ను, ఆరేళ్ళ తిమోతిని జీపులో సజీవదహనం చేసినప్పుడు గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించాననడం పత్రికలలో చదివి నేను విభ్రాంతుడనయ్యాను. అంత త్వరగా ఎట్లా సాధ్యం? నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. అయితే 2003లో న్యాయస్థానం శిక్ష విధించినప్పుడు ఆమె, క్షమ వేరు, నేరానికి ఫలితం వేరు అన్నారు. ఆమె 2004 వరకు బారిపదలోనే ఉండి కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. ఆ మాట చదివిన తరువాతనే మొదటి మాట నాకు అందింది.

ఇంతవరకు ఇతరుల సంగతి. ఈ విద్యాసంవత్సరం ప్రారంభంలో నా బల్ల ముందు ఒక కుర్రవాడు ప్రవర్తన ధ్రువపత్రం చేతపట్టుకొని నిలబడ్డాడు. ఊరు కంబదూరు అని ఉంది. ఎవరి ఇంటివాడవని అడిగాను. "పెద్దబావి ఇంటోళ్ళము సార్. మాది మీకు తెలుసా?" అన్నాడు. ఆ మనిషికి మనుమడు. ముక్కు అదే. సంతకం చేయవలసిన చేయి ఆగింది. "రేపు రా" అనడం ఎంత తేలిక! కుర్చీలో కూర్చున్న ప్రతివానికీ ఆ మాట నాలుక చివరనే ఉంటుంది. చెర్నాకోల అక్కరలేదు. అతని వెనుక మరి నలుగురు వరుసలో నిలబడి ఉన్నారు.

సంతకం చేసి, ముద్రవేసి ఇచ్చాను.

"బావిలో నీళ్ళున్నాయా?" అని అడిగాను.

"ఎప్పుడో పూడ్చేసినాము సార్. బోర్లేసి చీనీచెట్లు పెట్టినాము. ఆ బావి మీకెట్ల తెలుసు సార్?"

"మా నాయన బిందె ఒకటి అందులో ఉండిపోయింది" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. ధ్రువపత్రం మడవకుండా అట్లాగే నిలబడ్డాడు.

"సాయంత్రం గంట కొట్టిన తరువాత రా, చెబుతాను" అని తరువాతివానిని పిలిచాను.