అకిహబరాలో... చేతికి తగ్గ కీబోర్డు!

టోక్యోలో అకిహబరా స్టేషన్‌ దిగి 'ఎలక్ట్రిక్‌ టౌన్‌' గేటు దాటగానే కళ్లు జిగేల్‌మంటాయి. అంతస్తుల కొద్దీ కార్టూన్‌ బొమ్మల హోర్డింగులు, గేమ్‌ సెంటర్ల హోరు, కరపత్రాలు పంచే కేఫ్‌ అమ్మాయిలు... అకిహబరా అంటే ఇదేననుకుని నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు చాలామంది. కానీ స్టేషన్‌ పక్కనే, సోబు లైను రైళ్లు నెత్తిమీద దడదడలాడే వంతెన కిందికి ఓసారి తొంగిచూడండి. అదో వేరే లోకం. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాల్సినంత సన్నటి నడవాలు. పాన్‌ డబ్బాకంటే కాస్త పెద్దవైన కొట్లు. ట్రేల నిండా స్విచ్చులు, వైర్లు, రంగురంగుల ప్లగ్గులు. హైదరాబాద్‌ కోఠిలోని గుజరాతీ గల్లీని ఎవరో తెచ్చి రైలు పట్టాల కింద పెట్టారా అనిపిస్తుంది. దాని పేరు 'రేడియో సెంటర్‌'.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఇక్కడికి దగ్గర్లోని కాండా ప్రాంతంలో రేడియో విడిభాగాల కొట్లు వీధుల్లో వెలిశాయి. పక్కనున్న ఎలక్ట్రికల్‌ స్కూలు కుర్రాళ్లు ఆ భాగాలు కొని, రేడియోలు బిగించి అమ్ముకునేవారు. 1949లో ఆక్రమణ సైన్యాల ఆదేశంతో వీధి కొట్లు ఎత్తేయాల్సి వచ్చినప్పుడు వాళ్లంతా ఈ వంతెన కిందికి చేరారు. 1976లో ఎన్‌ఈసీ కంపెనీ 'టీకే-80' అనే మైక్రోకంప్యూటర్‌ కిట్టును విడుదల చేసి, ఇక్కడి రేడియో కైకాన్‌ భవనంలోనే 'బిట్‌-ఇన్‌' అనే కేంద్రం తెరిచింది. కొన్నవాళ్లు బిగించుకోలేక తలపట్టుకుంటే సాయం చేసేదా కేంద్రం. అంటే ఈ పేటలో సరుకు కొనడమొక్కటే కాదు, కూర్చుని తయారుచేసుకోవడమూ అలవాటే!

రెడీమేడ్‌ కంప్యూటర్లు, ఆ తర్వాత ఆన్‌లైన్‌ అమ్మకాలు వచ్చాక ఆ అలవాటు సన్నగిల్లింది. రేడియో సెంటర్‌కు తోడుగా ఉన్న 'రేడియో స్టోర్‌' 2013లో మూతపడింది. విడిభాగాల సందులకు కొత్తతరం ఇక రాదనే అనుకున్నారు. వచ్చింది... కీబోర్డు కోసం!

రెండు ముక్కలు ఎందుకంటే...

మామూలు కీబోర్డును ఓసారి పరీక్షగా చూడండి. వరసలు ఒకదానికింద ఒకటి తిన్నగా ఉండవు, పక్కకు జరిగి ఉంటాయి. 1870ల నాటి టైపురైటర్లో ఒక్కో మీట కింద ఒక్కో ఇనుప కడ్డీ ఉండేది. కడ్డీలు ఒకదానికొకటి తగలకుండా మీటల్ని అలా జరిపారు. కడ్డీలు పోయాయి, వంకర మిగిలింది! పైగా రెండు చేతులూ ఇరుకు పలకమీదికి చేరాలి కాబట్టి భుజాలు ముడుచుకుంటాయి, మణికట్లు బయటికి తిరుగుతాయి. రోజుకు పది గంటలు టైపు చేసేవాళ్లకు ఆ బాధేమిటో తెలుసు.

అందుకే కీబోర్డును మధ్యకు విడగొట్టారు. కుడి సగం కుడి భుజానికెదురుగా, ఎడమ సగం ఎడమ భుజానికెదురుగా పెట్టుకోవచ్చు. వేళ్ల పొడవును బట్టి నిలువు వరసలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. దీంతో నొప్పి పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నొప్పి ముదిరితే చూడాల్సింది వైద్యుణ్నే. కానీ చెయ్యి కీబోర్డుకు లొంగడం మానేసి, కీబోర్డే చేతికి లొంగడం మాత్రం మొదలవుతుంది.

ఇలాంటి నమూనాల్లో పేరున్నవి... కోర్నె, లిలీ58, హీలిక్స్‌... జపాన్‌ ఔత్సాహికులు గీసినవే. కోర్నెకు ఉండేవి 42 మీటలు, చేతికి 21 చొప్పున. గీసినవాళ్లు ఆ నమూనాల్ని అందరికీ ఉచితంగా వదిలేశారు. ఇక 2019లో సుయెహిరోచో మెట్రో స్టేషన్‌ దగ్గర 'యూషా కోబో' అనే దుకాణమే వెలిసింది. అక్కడ అమ్మేది ఇలాంటి స్వయంనిర్మిత కీబోర్డుల సామగ్రే. సోల్డరింగ్‌ చేసుకోవడానికి బల్లలూ ఉన్నాయి. వివరాలు వేరుగానీ, పద్ధతి మాత్రం 1976 నాటి బిట్‌-ఇన్‌దే.

ప్రాణం పోసేది 28 కిలోబైట్లే!

ఒక్కో మీట కింద ఓ స్విచ్చు, దాని పక్కన బియ్యపు గింజంత డయోడు. వాటిని అతికించడం ఓపిక పని. తీరా అన్నీ బిగించి కంప్యూటర్‌కు తగిలిస్తే... ఏమీ కాదు! ఏ మీట ఏమిటో దానికింకా ఎవరూ చెప్పలేదు మరి. ఆ సంగతి చెప్పేదే ఫర్మ్‌వేర్‌. దాన్ని బోర్డులోని చిప్‌లోకి ఎక్కించడమే ఫ్లాషింగ్‌.

ఇందుకు ఎక్కువమంది వాడేది 'క్యూఎంకే' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌. హసు అనే మారుపేరుతో ప్రసిద్ధుడైన జపాన్‌ ప్రోగ్రామర్‌ రాసిన 'టీఎంకే' దీనికి పునాది. ఈ బోర్డుల్లో ఎక్కువగా వాడిన ప్రో మైక్రోలోని చిప్‌లో చోటు 32 కిలోబైట్లు. అందులో నాలుగు దాని సొంత ఖర్చు. మిగిలిన 28లోనే సర్వం సర్దాలి. సెల్‌ఫోన్‌ ఫొటో అందులో వందో వంతు కూడా పట్టదు!

ఎక్కించడం చిత్రమైన తంతు. రీసెట్‌ మీట లేకపోతే బోర్డుమీది రెండు బిందువుల్ని పట్టకారుతో చకచకా రెండుసార్లు కలపాలి. చిప్‌ 'ఏమైనా చెప్తావా?' అన్నట్టు ఓ ఎనిమిది సెకన్లు ఎదురుచూస్తుంది. ఈలోగా ఎక్కించకపోతే మళ్లీ మొదటికే. 2021లో వచ్చిన ఆర్‌పీ2040 చిప్‌తో ఈ హైరానా తగ్గింది. బటన్‌ నొక్కిపట్టి తగిలిస్తే కంప్యూటర్లో పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. ఫైలు అందులో వేస్తే చాలు. ఒక సగానికి చేసి ఊరుకుంటే కుదరదు, రెండో సగానికీ చేయాలి.

తప్పు ఫైలు ఎక్కితే బోర్డు చచ్చిపోతుందని కొత్తవాళ్ల భయం. అలా జరగడం అరుదు. ఫైలును అందుకునే చిన్న ప్రోగ్రామ్‌ చిప్‌లో విడిగా ఉంటుంది కాబట్టి మళ్లీ ఎక్కించుకోవచ్చు. అసలు ప్రమాదాలు వేరే ఉన్నాయి. రెండు సగాల్నీ కలిపే హెడ్‌ఫోన్‌ తరహా తీగను కరెంటు ఉండగా పీకకూడదు. పీకితే లోపల షార్టయి చిప్‌ మాడిపోవచ్చు. ఇక ప్రో మైక్రో యూఎస్‌బీ సాకెట్‌ లాగితే ఊడొస్తుంది. జపాన్‌లో దీనికి 'మొగే' అని ముద్దుపేరే ఉంది... తెగి ఊడిపోవడమని అర్థం. ముందుజాగ్రత్తపరులు సాకెట్‌ చుట్టూ జిగురు పోసుకుంటారు.

తెలుగుకీ చోటుంది

అన్నట్టు, కీబోర్డు కంప్యూటర్‌కు పంపేది అక్షరం కాదు, ఓ అంకె. దాన్ని ఏ భాషలో చూపాలన్నది కంప్యూటర్‌ ఇష్టం. అందుకే ఈ బోర్డులమీద తెలుగూ నడుస్తుంది. మన ప్రభుత్వం 1986లో ప్రమాణంగా తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్‌ పద్ధతిలో అచ్చులు, గుణింతాలు ఎక్కువగా ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. 'తెలుగు' అని కొడితే త, ల, గ కుడివైపు... ఎత్వం, రెండు కొమ్ములు ఎడమవైపు. కుడి, ఎడమ, కుడి, ఎడమ... డోలు వాయించినట్టే! ఎప్పుడో గీసిన మన అమరిక, ఇప్పుడు రెండు ముక్కలైన కీబోర్డుకు ఇలా అతికిపోయింది.

ఒక్కటే చిక్కు. ఇన్‌స్క్రిప్ట్‌లో 'డ' ఉండేది ఇంగ్లిష్‌ 'పి' పక్క మీటమీద. కోర్నెలో అక్కడ మామూలుగా చెరిపేసే మీట ఉంటుంది. దుకాణంలో కొన్న కీబోర్డయితే సర్దుకుపోవాల్సిందే. ఇక్కడ చెరిపే మీటను బొటనవేలి కిందికి పంపి, 'డ'ను దాని చోటికి తెచ్చుకోవచ్చు. రెండు వరసలు మార్చి, మళ్లీ ఓసారి ఫ్లాష్‌ చేస్తే సరి.

అకిహబరా వెళ్లేవాళ్లు ఆదివారం మధ్యాహ్నం చూసుకుంటే మంచిది. వాతావరణం బాగుంటే ప్రధాన రహదారిమీద వాహనాలు ఆపేస్తారు, నడిరోడ్డుమీద హాయిగా నడవొచ్చు. గింజ డయోడ్లు అకిజుకి, సెంగోకు లాంటి విడిభాగాల దుకాణాల్లో దొరుకుతాయి. కిట్టు కొనేటప్పుడు మాత్రం డబ్బామీద ఏముందో అడిగి తెలుసుకోవాలి. చాలా కిట్లలో స్విచ్చులు, మీటల తొడుగులు ఉండవు. హోటల్‌కెళ్లాక చూసుకుంటే మళ్లీ రైలెక్కాల్సిందే!