ఒక్క యింట ఇద్దరు పెద్దలు

మేడపై ఇంటర్నెట్ అందుట లేదని 2022లో మా అన్నదమ్ములము రెండవ రౌటరు తెచ్చి, క్రిందిదానికి తీగతో కలిపితిమి. కొలది దినములకు చెల్లెలి ఉపకారవేతన దరఖాస్తునకు గడువు ముగియు రాత్రి వచ్చినది. ఆమె ఫోనులో వై-ఫై గుర్తు వెలుగుచుండెను గాని పుట తెరచుకొనలేదు. మా ఫోనులు చక్కగా పనిచేయుచుండెను. "నీకు ఫోను వాడడం చేతకాదు" అని ఆమెనే నిందించితిమి. పొరుగువారి దయవలన దరఖాస్తు చేరినది.

మరునాడు పరిశీలింపగా దోషము మాదేనని తేలినది. వచ్చి చేరిన ప్రతి పరికరమునకు చిరునామాను, బయటకు పోవు ద్వారమును తెలుపు పద్ధతియే డీ.హెచ్.సి.పి. ఒక యింటికి చిరునామాలిచ్చునది ఒక్కటి చాలును. మా యింట రెండు రౌటర్లును ఆ పనికి పూనుకొనెను. ఫోను సాధారణముగా ముందు పలికినదానినే నమ్మును. క్రొత్తది 192.168.0.1 అను తన చిరునామానే ద్వారముగా చూపెను. దానికి బయటి దారి లేదు.

పాతదాని చిరునామా 192.168.1.1. క్రొత్తదానిని 192.168.1.2గా మార్చి, అందలి డీ.హెచ్.సి.పి.ని ఆపివేసి, తీగను ల్యాన్ పోర్టునందే ఉంచితిమి. ఫోనులలో వై-ఫైని ఒకసారి ఆపి తిరిగి తెరచితిమి. కలహము శమించినది.

చెల్లెలిని క్షమాపణ వేడితిమి. విద్యార్థి మిత్రులారా, పరికరమును పరీక్షింపకముందే మనిషిని తప్పుపట్టరాదని మేము నేర్చినది ఆనాడే.