చూపుకు కొలత

కంటిచూపును కొలవడమంటే మనకు వెంటనే స్ఫురించేది గోడమీది అక్షరాల పట్టిక. డచ్చి వైద్యుడు స్నెలెన్ 1862లో ప్రవేశపెట్టిన ఆ పద్ధతి కొద్ది మార్పులతో నేటికీ నడుస్తోంది. తెల్లని పలకమీద నల్లగా, విడివిడిగా నిలిచిన అక్షరాలలో ఎంత చిన్నవాటిని గుర్తించగలిగితే చూపు అంత బాగున్నట్లు. ఆ కొలతకు అందని సంగతి ఒకటున్నదని కోటబొమ్మాళిలోని మా పెదనాన్నగారి వల్ల నాకు తెలిసింది.

ఆయనకు ఎడమకన్ను ఏనాడో పోయింది. మిగిలిన కుడికంటికి డెబ్బయి దాటాక మాక్యులా క్షీణత వచ్చింది, అందునా ‘తడి’ రకం. రెటీనా నడిమిభాగాన్ని మాక్యులా అంటారు. దాని అడుగున కొత్త రక్తనాళాలు మొలిచి ద్రవం ఊరడం ఈ జబ్బు లక్షణం. ఆ నాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రొటీనును అడ్డుకునే మందును నేరుగా కంటిలోకే సూదితో ఎక్కిస్తారు. ప్రతి సూదికీ సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని విశాఖకు ప్రయాణం. నాలుగు సూదులయ్యాక స్కానులో ద్రవం ఇంకిపోయింది, పట్టికలో రెండు వరుసలు అదనంగా చదివారు. అందరూ సంతోషించారు. ఇంటికి వచ్చి పేపరు విప్పిన పెదనాన్నగారు మాత్రం, “అచ్చరం అగుపడతంది గానీ మాట అగుపడ్డం నేదురా” అన్నారు. వయసు మళ్ళినవాళ్ళు అలాగే అంటారని చుట్టుపక్కలవారు సర్దిచెప్పారు. నాకు మాత్రం అది ఊరికే అన్న మాట కాదనిపించింది.

స్కాను రెటీనా ఎలా ఉన్నదో చూపుతుంది గాని, అది ఏమి చేయగలదో చెప్పదు. ద్రవం ఇంకినా, అప్పటికే దెబ్బతిన్న కాంతిగ్రాహక కణాలు కోలుకోకపోవచ్చు. చవకైన బెవాసిజుమాబ్ ఖరీదైన రానిబిజుమాబ్‌కు తీసిపోదని 2011లో తేల్చిన ప్రసిద్ధమైన అమెరికా పరిశోధనలోనూ ప్రధానమైన కొలత పట్టికలో పెరిగిన అక్షరాల సంఖ్యే.

పనితీరును కొలిచే పరీక్షలు వేరే ఉన్నాయి. మైక్రోపెరిమెట్రీలో రెటీనా మీద ఒక్కొక్కచోట చిన్న వెలుగుచుక్క వేసి, ఎంత మసక వెలుగు వరకు కనబడుతున్నదో అడుగుతారు. ఆ కాసేపూ కన్ను కదలికను కెమెరా వెంబడిస్తూనే ఉంటుంది. మల్టీఫోకల్ ఈఆర్జీలో రోగి జవాబుతో పనిలేదు, రెటీనాలోని విద్యుత్ స్పందననే చోటుచోటుగా నమోదు చేస్తారు.

పెదనాన్నగారికి మైక్రోపెరిమెట్రీ చేయించాము. ఆయన చూపు నిలిపే చోటికి కుడిపక్కనే ఒక గుడ్డిమచ్చ బయటపడింది. ఎడమనుంచి కుడికి చదివేవారికి రాబోయే అక్షరాలు కనబడవలసింది సరిగ్గా అటువైపే. ఒంటరి అక్షరానికి అడ్డురాని మచ్చ వాక్యాన్ని మింగేస్తుంది. మన లిపిలోనైతే ఒక వత్తు, ఒక దీర్ఘం మాయమైనా మాటే మారిపోతుంది.

ఆ మచ్చను చెరిపే మందు లేదు. అయితే సంగతి తెలిశాక దారి దొరికింది. వరుసకు కొంచెం పైకి చూస్తూ చదవడం నేర్పారు. పెద్ద అక్షరాలు, బలమైన దీపం అమర్చాము. ఇప్పుడాయన పొద్దున్నే ఒక పేజీ, నెమ్మదిగానైనా, తానే చదువుకుంటున్నారు.

అన్నిచోట్లా ఆ యంత్రాలు ఉండవు. కాని సూది తరువాత పట్టికతోపాటు ఒక తెలుగు పేరా చదివించి, ఎంతసేపు పట్టిందో రాసుకోవడానికి గడియారం చాలు. మీ ఇంటి పెద్దలెవరికైనా ఈ చికిత్స జరుగుతుంటే, ఆ ఒక్క పేరా అడిగి చదివించండి.