మన జట్టు లేని అక్టోబరు

సియాటిల్లో ఉండేవాళ్ళకి అక్టోబరు వచ్చిందంటే మూడు పనులు తప్పవు. గట్టర్లలో పేరుకున్న ఆకులు తీయించడం, పిల్లలకి హాలోవీన్ వేషాలు కొనడం, పరాయి ఊళ్ళ బేస్‌బాల్ చూడడం. మొదటి రెండూ అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి చాలామందికి అనుభవమే. మూడోది మాత్రం మా ఊరికి ప్రత్యేకంగా దక్కిన వరం.

బేస్‌బాల్ అంటే గిట్టని మిత్రుల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. పెద్ద లీగులో 30 జట్లు. వసంతకాలం నుంచి సెప్టెంబరు చివరిదాకా ఒక్కొక్క జట్టూ 162 ఆటలు ఆడుతుంది, అంటే దాదాపు రోజూ ఆటే. 2022లో వచ్చిన పద్ధతి ప్రకారం వాటిలో 12 జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి, తక్కిన 18 ఇంటికి. అక్టోబరు చివరికి మిగిలేవి రెండే. ఆ రెండూ ఆడేదాన్ని వరల్డ్ సిరీస్ అంటారు. మిగతా ప్రపంచాన్ని పిలవకుండానే ఆ పేరెలా పెట్టుకున్నారని అడక్కండి, నేనూ అడగడం మానేశాను. చెప్పొచ్చేదేమిటంటే, ఆ ఆఖరి వారంలో టీవీ ముందు కూర్చున్న 28 జట్ల అభిమానులూ పరాయివాళ్ళ పెళ్ళిలో అక్షింతలు వేయడానికి వచ్చినవాళ్ళే.

ఈ అక్షింతల విషయంలో మా సియాటిల్ మారినర్స్ అభిమానులది అందె వేసిన చెయ్యి. 1977లో పుట్టిన ఈ జట్టు, 2025 సీజను ముగిసేసరికి, వరల్డ్ సిరీస్ గడప తొక్కని ఏకైక జట్టు. 2001లో 116 ఆటలు గెలిచి, 1906 నాటి షికాగో కబ్స్ రికార్డుని అందుకుని, తీరా అక్టోబర్లో న్యూయార్క్ యాంకీస్ చేతిలో అయిదు ఆటల్లో ఓడిపోయింది. ఆ తరవాత ఇరవై సీజన్లు ప్లేఆఫ్స్ మొహమే చూడలేదు. నేను ఎం.ఎస్. ముగించుకుని ఉద్యోగానికి సియాటిల్ చేరింది 2004లో, విస్తళ్ళు ఎత్తేశాక బంతికి వచ్చిన చుట్టంలాగా. ఆ ఏడు మా జట్టు 99 ఆటలు ఓడింది. అదే ఏడు ఇచిరో సుజుకి 262 హిట్లు కొట్టి, 1920లో జార్జ్ సిస్లర్ నెలకొల్పిన 257 రికార్డుని దాటేశాడు. చుట్టూ జట్టంతా మునిగిపోతున్నా ఒక్క మనిషి రోజూ వచ్చి తన పని తాను శ్రద్ధగా చేసుకుపోవడం చూస్తే, కన్సల్టెంటు ఉద్యోగం చేసేవాడికి అభిమానం కలగక ఏమవుతుంది? అలా నేను మారినర్స్ మనిషినయ్యాను.

నాకు ఆట చూడడం నేర్పింది మాత్రం మా ప్రాజెక్టులో పాత మెయిన్‌ఫ్రేము వ్యవహారాలు చూసుకునే ఒక పెద్దాయన. 1977లో కింగ్‌డోములో మారినర్స్ ఆడిన మొట్టమొదటి ఆటకి వెళ్ళినవారు. "7-0తో ఓడాం. ముందే చెప్పారు, మోసమేమీ లేదు" అని నవ్వేవారు. 2004 అక్టోబర్లో ఒక ఆదివారం సాయంత్రం, బోస్టన్, న్యూయార్క్ ఆట చూద్దాం ఇంటికి రమ్మన్నారు.

"మన జట్టు లేదు కదండీ" అన్నాను.

"అందుకే రమ్మంటున్నాను. మనవాళ్ళు ఆడుతుంటే నీకు స్కోరు తప్ప ఇంకేమీ కనపడదు" అన్నారు.

బోస్టన్ అప్పటికే మూడు ఆటలు ఓడింది. ఇంకొక్కటి ఓడితే ఇంటికే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు వెనకబడి ఉంది. మొదటి బేస్ చేరిన ఆటగాడి బదులు పరిగెత్తడానికి డేవ్ రాబర్ట్స్ అనే అతన్ని దింపారు. అతను వచ్చింది రెండో బేస్ దొంగిలించడానికేనని స్టేడియంలో అందరికీ తెలుసు. పిచర్ మరియానో రివేరాకి ఇంకా బాగా తెలుసు, మూడుసార్లు మొదటి బేస్‌కే బంతి విసిరి బెదిరించాడు. అయినా రాబర్ట్స్ పరిగెత్తాడు, వెంట్రుకవాసిలో చేరాడు, తరవాతి హిట్‌కి ఇంటికొచ్చి స్కోరు సమం చేశాడు. బోస్టన్ ఆ ఆట పన్నెండో ఇన్నింగ్స్‌లో గెలిచింది, తరవాతి మూడూ గెలిచింది, ఆపైన 86 ఏళ్ళ తరవాత వరల్డ్ సిరీసూ గెలిచింది. ఆ ఒక్క దొంగతనం వివరించడానికి పెద్దాయనకి పావుగంట పట్టింది. బేస్ వదిలి ఎన్ని అడుగులు ముందుకి రావచ్చు, పిచర్ కాలు ఎటు కదిలితే పరుగు మొదలుపెట్టాలి, క్యాచర్ చేతిలోంచి బంతి రెండో బేస్ చేరేలోపల ఎంత వ్యవధి దొరుకుతుంది, అన్నీ చెప్పారు. మారినర్స్ ఆడుతుంటే ఆ పావుగంట మాకు ఎక్కడిది?

మన జట్టు లేనప్పుడు ఎవరి పక్షం వహించాలన్నదానికి ఆయన దగ్గర ఒక ధర్మశాస్త్రం ఉండేది. మొదటిది, ఎక్కువ కాలం ఏడ్చినవాళ్ళ పక్షం. 2016లో ఇది చిక్కులో పడింది. 1908 తరవాత గెలవని షికాగో కబ్స్ ఒకవైపు, 1948 తరవాత గెలవని క్లీవ్‌లాండ్ ఇంకోవైపు. ఏడో ఆటలో పదో ఇన్నింగ్స్ మొదలయ్యే ముందు వాన వస్తే, దేవుడు కూడా తేల్చుకోలేక ఆలోచించుకోవడానికి కాస్త టైము అడిగాడన్నారు. చివరికి 108 ఏళ్ళ ఏడుపే నెగ్గింది. రెండోది, మన ఇంట్లో పెరిగి వెళ్ళినవాడి పక్షం. రాండీ జాన్సన్ 1998 దాకా సియాటిల్ పిచర్. 2001లో మమ్మల్ని ఓడించిన యాంకీస్ మీద ఆరిజోనా తరఫున ఆరో ఆట మొదలుపెట్టి గెలిపించి, మర్నాడే ఏడో ఆట చివర్లో మళ్ళీ వచ్చి బంతి పట్టాడు. పెద్దాయన ఆ రెండు రాత్రుల గురించి సొంత అల్లుడి గొప్ప చెప్పుకున్నట్టు చెప్పేవారు.

మూడోది, మనల్ని ఓడించినవాడి పక్షం. ఇది ఆయన చెప్పేనాటికే నాకు తెలుసు, మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. 1996 ప్రపంచ కప్పు సెమీఫైనల్లో ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంక మనల్ని చిత్తు చేసింది. 98కి ఒక వికెట్టు దగ్గరున్నవాళ్ళం 120కి ఎనిమిది అయ్యాం, జనం సీసాలు విసిరారు, ఆట అక్కడితో ఆపేశారు. ఇంటర్మీడియట్ చదివే నాకు అన్నం సయించలేదు. నాలుగు రోజుల తరవాత ఆదివారం నాడు ఫైనల్. నేను చూడనని భీష్మించుకు కూర్చుంటే నాన్నగారు "మనల్ని ఓడించినవాడు ఉత్తినే ఓడించాడేమో చూద్దాం రారా" అన్నారు. అరవింద డిసిల్వా మూడు వికెట్లు తీసి, 107 కొట్టి, నాటౌట్‌గా నిలబడ్డాడు. ఉత్తినే కాదని తేలింది. ఓటమి తగ్గలేదు గానీ, దానికి కొంచెం మర్యాద వచ్చింది.

పెద్దాయన ప్రతి అక్టోబరుకీ ఒక నోటుపుస్తకం పెట్టేవారు. ప్రతి బంతీ పెన్సిలుతో అందులోకి ఎక్కాల్సిందే. షార్ట్‌స్టాప్ నుంచి రెండో బేస్‌కి, అక్కణ్ణించి మొదటి బేస్‌కి బంతి వెళ్ళి ఇద్దరు అవుటైతే 6-4-3 అని రాసేవారు. మా భాషలో చెప్పాలంటే లాగ్ ఫైలు. ఆ పుస్తకం చూసి పదేళ్ళ తరవాతైనా ఆట మొత్తం మళ్ళీ నడిపించుకోవచ్చు. 2022 వసంతంలో ఆయన పోయారు. పలకరించడానికి వెళ్తే వాళ్ళావిడ అలమర తెరిచి చూపించారు. 2002 నుంచి 2021 దాకా ఇరవై పుస్తకాలు. ఒక్కదాంట్లోనూ మారినర్స్ పేరు లేదు. ఆ సెప్టెంబరు 30వ తేదీ రాత్రి, తొమ్మిదో ఇన్నింగ్స్ చివర్లో కాల్ రాలీ హోమ్‌రన్ కొట్టి మమ్మల్ని మళ్ళీ ప్లేఆఫ్స్‌కి చేర్చాడు. ఊరంతా గంతులేస్తుంటే నాకు గుర్తొచ్చింది ఆ అలమరే. అయ్యో, చూడలేకపోయారే అని ముందు అనిపించింది. కానీ మనవాళ్ళు ఆడితేనే చూస్తానని కూర్చుని ఉంటే ఆయనకి ఆఖరి ఇరవై అక్టోబర్లు లేనట్టే కదా? ఆయన వాటిని వదులుకోలేదు, పెన్సిలు చెక్కుకుని కూర్చున్నారు.

ఇదంతా మా అబ్బాయికి చెప్పి ఒప్పించడం అంత తేలిక కాదు. పరాయి పండగల్లో పాలు పంచుకోవడం నాకు అలవాటే. థాంక్స్‌గివింగ్‌కి గుత్తివంకాయ వండుకుని పండగ చేసుకునేవాళ్ళం మనం. మారినర్స్‌ని నేను ఎంచుకున్నాను. వాడు ఎంచుకోలేదు, ఇక్కడే పుట్టాడు. నాది ఇల్లరికం, వాడిది పుట్టిల్లు. బాధలో తేడా ఉంటుంది.

2023లోనూ 2024లోనూ ఒక్కొక్క ఆట తేడాలో ప్లేఆఫ్స్ తప్పిపోయాయి. 2025లో మాత్రం డివిజను గెలిచారు, డెట్రాయిట్‌ని పదిహేను ఇన్నింగ్స్‌ల ఆటలో దాటారు, టొరాంటోతో ఏడో ఆట దాకా వచ్చారు. అక్టోబరు 20, సరిగ్గా దీపావళి. ఏడో ఇన్నింగ్స్‌లో 3-1 ఆధిక్యం, ఇంకా ఎనిమిది అవుట్లు తీస్తే వరల్డ్ సిరీస్. అప్పుడు జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు. 4-3. ఆ రాత్రి మా ఇంట్లో కాకరపువ్వొత్తుల పెట్టె విప్పినవాళ్ళు లేరు. మా తోడల్లుడు ఉండేది టొరాంటో పక్కన మిస్సిసాగాలో. వాళ్ళింట్లో దీపావళి రెండింతలు జరిగిందని ఫోటోలు వచ్చాయి. పైగా టొరాంటో కూడా 1977లోనే లీగులోకి వచ్చిన జట్టు, మాకు కవల. వాళ్ళకి 1992, 1993ల్లో రెండు కప్పులు, మాకు సున్నా. పధ్నాలుగేళ్ళ మావాడు ఇక వరల్డ్ సిరీస్ చూడనన్నాడు. ఒకవేళ చూసినా లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వాళ్ళని చితక్కొట్టడం కోసమేనన్నాడు. వాళ్ళ తాతగారి మాట చెప్పాను. "అది క్రికెట్ నాన్నా" అనేశాడు.

మూడో ఆట పద్ధెనిమిది ఇన్నింగ్స్‌లు సాగింది. పదమూడో ఇన్నింగ్స్‌లో మంచినీళ్ళకని కిందకి వచ్చినవాడు సోఫా చివర అలాగే ఉండిపోయాడు. అర్ధరాత్రి అవుతుండగా ఫ్రెడ్డీ ఫ్రీమన్ హోమ్‌రన్‌తో ముగించాడు. ఆ డాడ్జర్స్ మేనేజరే డేవ్ రాబర్ట్స్. 2004లో ఆయన చేసిన దొంగతనం గురించి నేను మొదలుపెట్టాను, నాకూ పావుగంట పట్టింది. తరవాతి ఆటకి వాడు పిలవకుండానే వచ్చాడు. నవంబరు 1న ఏడో ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో టొరాంటో ఒక పరుగు ముందుంది, ఇంకా రెండు అవుట్లు చాలు. మిగెల్ రోహాస్ హోమ్‌రన్ కొట్టి సమం చేశాడు. క్రితం రాత్రే ఆరో ఆట మొదలుపెట్టిన యమమోటో మళ్ళీ బంతి పట్టుకుని వచ్చాడు. "రాండీ జాన్సన్‌లాగా" అన్నాడు మావాడు, నేను అనకముందే. పదకొండో ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ హోమ్‌రన్, డాడ్జర్స్ 5-4.

మావాడు కోరుకున్నదే జరిగింది. కానీ చప్పట్లు కొట్టలేదు. టొరాంటో స్టేడియంలో కదలకుండా కూర్చున్న జనాన్ని టీవీలో చూపిస్తుంటే చాలాసేపు చూశాడు.

"మనకి ఎనిమిది, వాళ్ళకి రెండే" అన్నాడు. తరవాత ఫోను తీసుకుని మెట్లెక్కబోయాడు.

"ఎవరికిరా?"

"అన్నయ్యకి."

"అక్కడ అర్ధరాత్రి దాటిపోయింది."

"పడుకుని ఉండడు నాన్నా" అన్నాడు.

అరగంట పైనే మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.