ఎలుక కన్ను చెప్పిన సంగతి

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థది పెద్ద చరిత్రే. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. అక్కడ తరతరాలుగా పెంచుతున్న ఎలుకల్లో 1990ల్లో ఒక రకం తిండి ఆపుకోలేక లావెక్కడం కనిపించింది. ఎవరూ వాటికి నెయ్యి పోసి మేపలేదు. జన్యువుల్లో వచ్చిన మార్పువల్ల ఆకలికి కళ్లెం లేకుండా పోయింది, అంతే.

శాస్త్రవేత్తలు ఆ సంతతిని విడిగా పెంచి, కళ్లు కూడా పరిశీలించారు. కెమెరాకు ఫిల్ము ఎలాగో కంటికి రెటీనా అలాగ. లావు ఎలుకల్లో అది నెలలు గడిచేకొద్దీ క్షీణించిందని 2009లో వెలువడిన పరిశోధన చెప్పింది. వాటి సన్నటి తోబుట్టువులకు ఆ బెడద లేదు. విచిత్రమేమిటంటే, ఆ లావు ఎలుకల రక్తంలో చక్కెర మామూలుగానే ఉంది! ఎక్కువైంది ఇన్సులిన్, కొవ్వులు. కాబట్టి కంటికి శత్రువు షుగరొక్కటే కాకపోవచ్చు. ఎలుకకు జరిగిందల్లా మనిషికీ జరగాలని లేదనుకోండి.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఒకప్పుడు పొద్దున్నే చోడంబలి తాగి పొలానికెళ్లేవారు. పేద ఇంట వరన్నం పండక్కో, చుట్టమొస్తేనో. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆ కరువు తీరింది. ఆకలి తీర్చిన బియ్యాన్ని ఆడిపోసుకోవడం న్యాయం కాదు. అయితే నాగలి పోయి ట్రాక్టరొచ్చింది, నడక పోయి మోటారుసైకిలొచ్చింది. కంచంలో అన్నం మాత్రం తగ్గలేదు.

చీపురుపల్లి వైపు ఒక రిటైర్డు మేష్టారికి పదేళ్లుగా షుగరు. కళ్లు చూపించుకోమని భార్య పోరితే, "నాకేటయిందే? పేపరు సుబ్బరంగా చదువుతున్నాను కదా" అనేవారు.

"అగుపిస్తంటే రోగం లేనట్టేటండీ? ఏడాదికోసారి చూపించుకోమన్నారు కదా" అని ఆవిడే విశాఖ బస్సెక్కించింది.

చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపల చూశారు. సన్నటి రక్తనాళాలు అక్కడక్కడ ఉబ్బి, ఎర్రటి చుక్కలు తేలాయి. నొప్పి లేదు, మసక లేదు. ఈ జబ్బుతో చిక్కంతా అక్కడే. చూపు తగ్గాక పరుగెత్తితే, పోయినదంతా తిరిగి రాదు. మేష్టారికి లేజరు అవసరం పడలేదు. షుగరు, బీపీ అదుపులో పెట్టుకుని ఆరు నెలల్లో మళ్లీ రమ్మన్నారు.

ఇప్పుడాయన పొద్దున అంబలే తాగుతున్నారు. అది మందు కాదని, మాత్రలు మానకూడదని ఆవిడ గ్లాసు పక్కనే డబ్బా పెడుతుంది. ఆవిడ దిగులిప్పుడు కొడుకు మీదికి మళ్లింది. వాడికింకా షుగరు లేదు గానీ, బెల్టుకు రెండు కన్నాలు కొత్తగా పడ్డాయి. ఈసారి బస్సుకు మూడు టిక్కెట్లు తియ్యాలని ఆవిడ పట్టు.